సంచి మీద అంకెలు – సీసా మీద అక్షరాలు



ప్రతి వృత్తికీ తనవైన మాటలు కొన్ని ఉంటాయి. వడ్రంగికి, కంసాలికి, వైద్యునికి ఉన్నట్లే సేద్యగానికీ ఉన్నాయి. ఆ పనిలో ఉన్నవారికి అవి పనిముట్లవంటివి. బయటివారికి మాత్రం మోటుగానో, డాంబికంగానో తోస్తాయి. ఈ తేడావల్ల పొలంలో ఎంత నష్టం రాగలదో ఈ పూట చెప్పుకొందాము.

ముందు మీ మాటలనే తీసుకొందాము. వరిలో 'సుడిదోమ' అంటారు. పట్నవాసికి అది పల్లెటూరి మాట. కాని ఆ దోమ దుబ్బు మొదట చేరి రసం పీల్చగా, పైరు అక్కడక్కడ సుడులు సుడులుగా ఎండిపోతుంది. గుర్తు పేరులోనే ఉన్నది. 'ఉల్లికోడు' కూడ అంతే. పురుగు పట్టిన పిలక కంకి వేయక, ఉల్లికాడవలె గొట్టమైపోతుంది. వ్యవసాయ పుస్తకాలు కూడ ఈ పేర్లనే వాడుతున్నాయి.

ఇక మేము వాడే మాటలు. వరికి నత్రజని చివరి దఫా 'అంకురం ఏర్పడే దశలో' వేయమంటాము. అంకురమంటే విత్తనపు మొలక అనే గదా మీకు తోచేది? మేము చెప్పేది కంకి అంకురం. పొట్ట పైకి కనబడకముందే, పెద్ద పిలకను నిలువునా చీల్చి చూస్తే, లోపల తెల్లని చిన్న మొనవలె కనబడుతుంది. అదే అదను. పొట్ట ఉబ్బేదాక ఆగితే ఆలస్యమైనట్లే.

ఎరువు సంచి మీది అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ నూటికి ఎన్ని పాళ్లో చెబుతాయి. డి.ఏ.పి. సంచి మీద 18-46-0 అని ఉంటుంది. అంటే 50 కిలోల సంచిలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉన్నవి. పొటాష్ బొత్తిగా లేదు. వేపపూత యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. 2018లో ఆ సంచి 50 కిలోల నుండి 45 కిలోలకు తగ్గింది గనుక, సంచికి 20.7 కిలోల నత్రజనే వస్తుంది. కావున సంచుల లెక్క మాని కిలోల లెక్క చూచుకోవలెను.

సీసా మీది అక్షరాలకు వద్దాము. 'ఇ.సి.' అంటే నీళ్లలో పోయగానే పాలవలె తెల్లగా కలిసే ద్రవం. 'డబ్ల్యు.పి.' అంటే నీటిలో కరగక తేలియాడే పొడి. కలియబెట్టకపోతే అడుగుకు దిగుతుంది. పక్కనున్న అంకె అసలు మందు ఎంత ఉన్నదో చెబుతుంది. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. అనీ, 70 డబ్ల్యు.జి. అనీ దొరుకుతుంది. పేరు ఒకటే గదా అని మొదటిదాని కొలతనే రెండవదానికి వాడితే, మూడింతలకు మించి మందు పడుతుంది. ఖర్చు దండుగ, పైగా ప్రమాదం.

డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులలో ఒక గుర్తు ఉంటుంది. 'ఎరుపుదైతే పురుగు బాగా చస్తుంది' అని కొందరంటారు. ఆ రంగు పురుగును గురించి చెప్పదు. మనిషికి ఎంత విషమో చెబుతుంది. ఎరుపు అన్నిటికంటె విషం. ఆకుపచ్చ అంటే విషం లేదని కాదు, తక్కినవాటికంటె తక్కువని మాత్రమే.

ఇన్నిటికీ మన ఇళ్లలో ఒకే మాట, 'మందు'. జ్వరానికి వేసుకొనేది మందు, చేనికి చల్లే ఎరువు మందు, పురుగును చంపేదీ మందే. మందన్న మాట మీది నమ్మకంతోనే ఉత్త చేతులతో కలపడం, ఖాళీ డబ్బాను వంటింట్లో పెట్టడం జరుగుతున్నది. ఇంట్లో దానిని 'విషం' అనే పిలవండి. పిల్లలుకూడ దూరంగా ఉంటారు.

కార్యకర్తలకొక మనవి. శాస్త్రపు మాట చెప్పినప్పుడు దాని పక్కన ఊరి మాటను కూడ చెప్పండి. 'అర్థమైందా?' అని అడిగి ఊరుకోక, 'ట్యాంకుకు ఎంత పోస్తారు? ఎప్పుడు కొడతారు?' అని అడిగి వారి నోటనే చెప్పించండి.

రైతు సోదరులారా! తెలియని మాట వినబడితే తలయూపి రావద్దు. దుకాణంలోనైనా, సభలోనైనా 'ఆ మాటకు అర్థమేమి?' అని అడగండి. అడగడం నామోషీ కాదు. డబ్బు మీది, చేను మీది, దానిని చల్లే చేతులూ మీవే.

సెలవు.