తండ్రి పేరు చెడితే పిల్లల సంగతేమిటి?

ధ్యాన భాగము: 2 సమూయేలు 13:1-23; 14:27; యెహెజ్కేలు 18వ అధ్యాయము



2025 అక్టోబరు 30న లండన్‌లోని బకింగ్‌హామ్ రాజభవనం ఒక ప్రకటన చేసింది. రాజు మూడవ చార్లెస్ తన సొంత తమ్ముడు ఆండ్రూకున్న యువరాజు బిరుదును తీసివేస్తున్నాడని దాని సారాంశం. తన మీద వచ్చిన ఆరోపణలను ఆండ్రూ ఖండిస్తూనే వచ్చాడు. వాటి జోలికి మనం పోవద్దు. ఆయన కుమార్తెలు బియాట్రిస్, యూజీనీల బిరుదులు అలాగే ఉన్నాయి. బిరుదైతే నిలిచింది గాని, పత్రికల్లో వారి పేరు పక్కన తండ్రి సంగతి కూడా వస్తూనే ఉంది.

అంత దూరం ఎందుకు? మన హైదరాబాదు చూడండి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ లోకంలోనే గొప్ప ధనవంతుడని పేరుపొందాడు. ఆయన పెద్ద కుమారుడు ఆజం జా విపరీతమైన ఖర్చులవల్ల, అప్పులవల్ల తండ్రి నమ్మకం పోగొట్టుకున్నాడు. 1967 ఫిబ్రవరిలో నిజాం చనిపోయినప్పుడు, కుమారుడు బ్రతికి ఉండగానే వారసత్వం మనుమడు ముకర్రం జాకు వెళ్లింది. అప్పటికాయనకు 33 ఏండ్లు. రాజ్యం 1948లోనే పోయింది. చేతికి వచ్చినవి భవనాలు, వేలమంది ఆశ్రితులు, బంధువుల వ్యాజ్యాలు. 1971లో రాజభరణాలు కూడా రద్దయ్యాయి. చివరికి ఆయన ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల పెంపకంలో పడ్డాడు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణిస్తే, దేహాన్ని తెచ్చి మక్కా మసీదులో సమాధి చేశారు. ఆయన పొరపాట్లు ఆయనకు లేవని కాదు. కాని ఆయన మొదటి అడుగు వేయకముందే తాత ఖ్యాతి, తండ్రి అపఖ్యాతి రెండూ ఆయన భుజాల మీద ఉన్నాయి.

ఇప్పుడు దావీదు ఇంటికి రండి. బత్షెబ విషయంలో, ఊరియా విషయంలో రాజు చేసిన పాపం మనకు తెలుసు. తరువాత అదే ఇంటిలో అమ్నోను తన చెల్లెలు తామారును చెరిపాడు. దావీదు చాలా కోపపడ్డాడు, కాని న్యాయం చేయలేదు. బహుశా తన పాపమే తన నోరు కట్టివేసిందేమో! అన్న అబ్షాలోము ఊరుకొమ్మన్నాడు. రెండేండ్లపాటు అమ్నోను రాజకుమారుడుగానే తిరిగాడు. ఏ తప్పూ చేయని తామారు అన్న ఇంటిలో ఒంటరిగా మిగిలిపోయింది. గమనించారా? తప్పు ఒకరిది, చెరసాల మరొకరిది.

ప్రియులారా, ఇది రాజభవనాల సంగతి మాత్రమేనా? మన తణుకు చుట్టుపక్కల సంబంధాలు చూసేటప్పుడు ఏమడుగుతున్నాం? “ఐపీ పెట్టినాయన కూతురా?” “ఆ తల్లి కొడుకా?” పిల్ల చదువు, భక్తి, గుణం చూడకముందే తలుపు మూసేస్తాం. ఆదివారం పక్కన కూర్చుని పాట పాడతాం, సోమవారం ఆ ఇంటి ముచ్చట మోస్తాం.

కొందరు, “మూడు నాలుగు తరముల వరకని నిర్గమకాండములో లేదా అయ్యగారూ?” అని అడుగుతారు. ఉంది. తండ్రి చేసిన దాని ఫలితం పిల్లల మీద పడుతుంది. అప్పులవాళ్లు ఆ ఇంటికే వస్తారు. కాని ఫలితం వేరు, దోషం వేరు. చెరలో ఉన్న ప్రజలు ద్రాక్షకాయల సామెత చెప్పుకుంటుంటే, ఇకమీదట అది పలకవద్దని దేవుడు యెహెజ్కేలు ద్వారా ఆపాడు. తండ్రి దోషాన్ని కుమారుని లెక్కలో ఆయన వ్రాయడు. ఆయన వ్రాయనిది మనం వ్రాస్తున్నామా? దుష్టుడైన ఆమోను కుమారుడు యోషీయా ఎనిమిదేండ్లకే రాజై, యెహోవా దృష్టికి యథార్థముగా నడువలేదా?

పెద్దలారా, మీరు పిల్లలకు వ్రాసిచ్చే ఆస్తిలో మీ పేరు కూడా ఉంది. దాన్ని తాకట్టు పెట్టకండి. ఇప్పటికే చెడితే దాచకండి, ఒప్పుకోండి. దావీదు నాతాను ఎదుట ఒప్పుకున్నాడు, కాని పిల్లల విషయంలో మౌనంగా ఉండిపోయాడు. ఆ మౌనం ఇల్లంతటినీ కాల్చింది.

యౌవనులారా, మీ తండ్రిని ద్వేషించవద్దు, ఆయన దారిన నడవవద్దు. తలవంచుకుని సంఘానికి దూరం కావద్దు.

సంఘమా, ఒక్క మాట విను. అబ్షాలోముకు ఒక కుమార్తె పుట్టింది. ఆమెకు పెట్టిన పేరు తామారు. ఎందుకని వాక్యం చెప్పలేదు గాని, ఊరు గుసగుసలాడిన ఆ పేరును ఆ ఇంట మళ్లీ ప్రేమతో పిలిచారు. మత్తయి సువార్త తెరవండి. యేసుప్రభువు వంశావళిలో యూదా కోడలైన వేరొక తామారు ఉంది, రాహాబు ఉంది, ఊరియా భార్య ఉంది. ప్రభువు తన ఇంటి కథ దాచుకోలేదు. అటువంటి ఇంటిలో పుట్టడానికి సిగ్గుపడని ప్రభువు, ఈ రోజు మీ ఇంటిపేరు విని ముఖం తిప్పుకుంటాడా?

ప్రార్థన: పరిశుద్ధుడవైన తండ్రీ, పెద్దల తప్పులవలన తలదించుకున్న పిల్లలను నీ పేరుతో పిలువుము. వారిని గూర్చి మాటలాడిన మా నాలుకలను క్షమించుము. వారికి తలుపు తెరిచే హృదయమును మాకిమ్ము. యేసు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.