కంప్యూటర్ మారినప్పుడు మన ఉత్తరాలు, మన లెక్కలు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అన్నది ఈ పుస్తకం ముందు పేజీల్లో ఉంది. మమ్మల్ని ఆఫీసు కంప్యూటర్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పదో తరగతి వరకు చదువుకున్నవాళ్లం, మేమేటి చెప్తాం అనుకున్నాం. కానీ ఈ ఏడాది మా చేతుల మీదుగా ఒక తప్పు జరిగింది. అది చెప్పకుండా కూర్చుంటే మాకు మనసొప్పదు.

ముందు మెయిల్ మెర్జ్ అంటే ఏమిటో చెప్తాం. పెళ్లికి శుభలేఖలు అచ్చు వేయిస్తాం. విషయం అందరికీ ఒకటే, పైన పేరు రాసే చోటు ఖాళీ. పిలవాల్సిన చుట్టాల జాబితా వేరే కాగితం మీద ఉంటుంది. ఆ జాబితా చూసి మనం ఒక్కో కార్డు మీద పేరు రాస్తాం. ఆ పని కంప్యూటర్ చేస్తే మెయిల్ మెర్జ్. ఉత్తరం వర్డ్‌లో ఒక ఫైలు. సభ్యురాలి పేరు, సంఘం, ఊరు, బ్యాంకు, బాకీ ఉండే పట్టిక ఎక్సెల్‌లో ఇంకో ఫైలు. రెండూ వేరువేరు ఫైళ్లని మాకు తెలీదు. ఉత్తరం తెరిస్తే పేర్లు కనబడేవి కాబట్టి పేర్లు అందులోనే ఉన్నాయనుకున్నాం. మాకు ఇదంతా అమర్చి పెట్టిన అమ్మాయి పెళ్లయి విశాఖ వెళ్లిపోయింది. ఆమె ఉన్నన్నాళ్లు అడగాలని ఎవరికీ తోచలేదు.

పాత కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతుంటే కొత్తది తెచ్చాం. ఉత్తరాలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి కొత్తదానిలో దింపాం. తెరవగానే ఇంగ్లీషులో ఏదో అడిగింది, ఎస్ అనాలా నో అనాలా అని. మనకు తెలియని దానికి నో అనడమే మంచిదని నో నొక్కాం. ఉత్తరం వచ్చింది గానీ, పేరు ఉండాల్సిన చోట రెండు వైపులా బాణం గుర్తుల మధ్య ‘పేరు’ అన్న మాటే ఉంది. బాకీ ఉండాల్సిన చోట ‘బాకీ’ అనే ఉంది.

అది అడిగింది ఏమిటంటే, “ఫలానా పట్టికలోంచి వివరాలు తెచ్చి ఇందులో పెట్టమంటారా” అని. పట్టిక ఎక్కడుందో ఉత్తరానికి పూర్తి చిరునామాతో గుర్తుంటుంది, ఏ డ్రైవ్, ఏ ఫోల్డర్ అన్నదంతా. కంప్యూటర్ మారితే ఆ చిరునామాలో ఎవరూ ఉండరు. మేమైతే పట్టికను తేనే లేదు.

మళ్లీ పాత కంప్యూటర్‌కి పోయి వెతికితే పట్టికలు మూడు దొరికాయి. ఒకదాని పేరు ఫైనల్, ఒకటి ఫైనల్ కొత్తది, ఇంకోటి ఫైనల్ రెండు. నవ్వకండి, మీ గ్రామైక్య సంఘాల్లోనూ ఇలాగే ఉంటాయి! ఆఖరు తారీఖు చూసి, అప్పు రిజిస్టరుతో నాలుగు పేర్లు పోల్చి, సరైనది తెచ్చుకున్నాం. వర్డ్‌లో మెయిలింగ్స్‌కి వెళ్లి, సెలెక్ట్ రెసిపియెంట్స్ నొక్కి, యూజ్ యాన్ ఎగ్జిస్టింగ్ లిస్ట్ అన్న దగ్గర ఆ పట్టికను చూపించాం. పేర్లు వచ్చేశాయి. చప్పట్లు కొట్టుకున్నాం. ఆ సాయంత్రమే బాకీ ఉత్తరాలు ప్రింటు తీసి, వీవోఏల చేతికిచ్చి పంపేశాం.

మూడో రోజు ఒక సభ్యురాలు ఆఫీసుకొచ్చింది. కొంగులో చుట్టిన పాస్‌బుక్కు తీసి బల్ల మీద పెట్టింది. “అప్పు తీర్చేసినాను కదేటమ్మా? మీ పుస్తకంలో మీరే రాసినారు కదా? మరి ఈ కాయితం ఏటి?” అంది.

ఉత్తరంలో ఏముందంటే, ‘మీ బాకీ 0 రూపాయలు. 15 రోజుల్లో చెల్లించగలరు.’

ఆవిడకి చదువు రాదు. పక్కింటి కుర్రాడు అరుగు మీద పైకి చదివాడు. సున్నా ఎవరి చెవినా పడలేదు, బాకీ అన్న మాట మాత్రం వీధి చివరిదాకా పోయింది. ఆవిడ పెనిమిటి మన వైపు చాలామంది లాగే చెన్నైలో కూలి పనికి వెళ్లాడు. అతను పంపిన డబ్బుతోనే ఆ అప్పు తీర్చింది. అతనికి ఫోనులో కబురు వెళ్లింది, నీ పెళ్లాం అప్పు తీర్చనేదు, కాయితం ఒచ్చింది అని. నేను పంపిన డబ్బులు ఏటి చేసినావని అతను అడిగాడట. రెండు రాత్రులు ఆవిడ అన్నం తినలేదు.

మేం అదే రోజు ఆవిడ ఇంటికి వెళ్లాం. ఆ ఫోనులోనే అతనితో మాట్లాడి, తప్పు మాదని, మీ ఇంటావిడ ఆఖరు రూపాయి కూడా కట్టిందని చెప్పాం. “కాయితం పంపినప్పుడు సూసుకోవాలి గదమ్మా” అన్నాడు. మేం మారు పలకలేదు. ఆ వీధిలో నిలబడి రిజిస్టరు చదివి వినిపించి వచ్చాం. ఇంకా ఎనిమిది మందికి అలాంటి ఉత్తరాలే వెళ్లాయి. వాళ్ల ఇళ్లకూ వెళ్లాం.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి వారం పట్టింది. పట్టికలో సభ్యులందరూ ఉంటారు, తీర్చినవాళ్లు కూడా. బాకీ సున్నా కంటే ఎక్కువ ఉన్నవాళ్లకే ఉత్తరం రావాలని ఆ అమ్మాయి ఫిల్టర్ పెట్టింది. ఆ ఫిల్టర్ ఉండేది పట్టికలో కాదు, ఉత్తరంలో. పట్టికను మళ్లీ కొత్తగా చూపించేసరికి ఫిల్టర్ పోయి అందరి పేర్లూ వచ్చేశాయి. కంప్యూటర్ మనల్ని ఏమీ అడగదు. అందుకే పట్టిక కలిపాక ఎడిట్ రెసిపియెంట్ లిస్ట్ తెరిచి ఫిల్టర్ మళ్లీ పెట్టాలి. ఆ తర్వాత ప్రివ్యూ రిజల్ట్స్ నొక్కి ఒక్కొక్క ఉత్తరం తిప్పి చూడాలి. ఇప్పుడు మా ఆఫీసులో ఒకరు స్క్రీన్ మీద పేరు, బాకీ చదువుతారు, ఇంకొకరు రిజిస్టరులో వేలు పెట్టి చూస్తారు. పూట పడుతుంది. పడనీ.

ఉత్తరాలు, పట్టిక ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుని ఫోల్డర్ మొత్తం తీసుకెళ్లండి. ముందు కంప్యూటర్‌లోకి దింపి, అక్కడి పట్టికను కలపండి. పెన్‌డ్రైవ్‌లోని పట్టికను కలిపేస్తే అది తీసేసిన రోజున కథ మళ్లీ మొదటికొస్తుంది. పట్టికలో పై వరస పేర్లు మార్చకండి. ‘ఊరు’ అని ఉన్నదాన్ని ‘గ్రామం’ అని దిద్దితే, ఊరు ఎక్కడా అని ఉత్తరం వెతుక్కుంటుంది. మా పాత ఉత్తరాలు కొన్ని అను ఫాంట్లలో ఉండేవి. కొత్తదాంట్లో ఆ ఫాంట్లు లేవు కాబట్టి తెలుగంతా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులుగా కనబడింది. వాటిని యూనికోడ్‌లో మళ్లీ టైపు చేశాం, వేళ్లు నొప్పెట్టాయి.

ఏది పట్టికలో ఉండాలి, ఏది ఉత్తరంలో ఉండాలి అన్నది కూడా ఈ మార్పుల్లోనే తెలిసింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బ్యాంకు పేరు పట్టికలో ఉంది గనక అక్కడ దిద్దితే ఉత్తరాలన్నింటా మారింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరం జిల్లాలోకి వచ్చాయి, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి పోయాయి. మా ఉత్తరాల్లో శ్రీకాకుళం జిల్లా అని నేరుగా టైపు చేసి ఉంది. ఒక్కోటీ తెరిచి దిద్దాం. అయినా ఒక దాంట్లో మర్చిపోయాం. బ్యాంకు మేనేజరు గారు అది చూసి, “మీరింకా శ్రీకాకుళంలోనే ఉన్నారా” అని నవ్వారు.

ఇంకొక్క మాట. మన ఆఫీసు ప్రింటరు పాడైతే జిరాక్సు షాపుకి పెన్‌డ్రైవ్ పట్టుకుని పోతాం. అందులో అందరి ఖాతా నంబర్లు, బాకీలు ఉంటాయి. మన ఇంటి గుట్టు అది. షాపుకి పట్టిక ఎందుకు? ఆఫీసులోనే ఫినిష్ అండ్ మెర్జ్ నొక్కి, పేర్లతో తయారైన ఉత్తరాలను పీడీఎఫ్ చేసి ఆ ఒక్కటే తీసుకెళ్లండి. ఫాంటు గొడవ కూడా ఉండదు. ప్రింటు అయ్యాక ఆ కంప్యూటర్‌లో దింపిన ఫైలు మీ కళ్ల ముందే తీసేయించండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. ఆధార్ నంబర్ల వరసను మేం ఉత్తరాల పట్టికలోంచి తీసేశాం. ఉత్తరానికి దానితో పని లేదు.

ఆ సభ్యురాలు ఈ రోజు సభకి వచ్చింది, మూడో వరసలో కూర్చుంది. ఈ సంగతి చెప్పడానికి ముందుగా ఆవిడని అడిగాం. పేరు చెప్పొద్దంది, మిగతాదంతా చెప్పమంది. ఇప్పుడు అప్పు తీర్చినవాళ్లకి వేరే ఉత్తరం పంపుతున్నాం, ‘మీ అప్పు పూర్తిగా తీరింది’ అని పెద్ద అక్షరాలతో. మొదటిది ఆవిడకే ఇచ్చాం. అది చెన్నైకి ఫోటో తీసి పంపించమని వీవోఏని అడిగింది.