పరువు ఎవరిది, మూల్యం ఎవరిది?

(హైదరాబాదు పాతబస్తీలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం "సంక్షోభ సమయంలో సమాచారం, సంస్థల ప్రతిష్ఠ". కంపెనీల ప్రజాసంబంధాల విభాగాల వాళ్ళు చర్చించుకునే విషయం మనకెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ప్రతిష్ఠ అనే మాట మనకు దూరమైనదే కావచ్చు. కానీ ఇజ్జత్ అనే మాటను ఈ గల్లీల్లో ప్రతి ఆడపిల్లా నడక నేర్చినప్పటి నుంచీ వింటూనే ఉంటుంది. ఒక సంస్థ పరువు ప్రమాదంలో పడితే, దాన్ని కాపాడుకోవడానికి ఒక స్త్రీ ఇజ్జత్‌ను ఎలా బలిపెడతారో చెప్పడానికే వచ్చాను.

ప్రజాసంబంధాల పాఠాల్లో తరచూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1982లో అమెరికాలోని షికాగో ప్రాంతంలో టైలినాల్ మందులో ఎవరో సయనైడ్ కలపడంతో ఏడుగురు చనిపోయారు. తయారుచేసిన జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ దాదాపు 3 కోట్ల సీసాలను వెనక్కి రప్పించింది. ముందు నిజం చెప్పు, జనం ప్రాణాల గురించి ఆలోచించు, పరువు దానంతటదే నిలుస్తుంది - ఇదీ దాని నుంచి తీసే నీతి. నీతి మంచిదే. కానీ జనం నమ్మకం పోతే మందుల కంపెనీ మూతపడుతుంది. మన నమ్మకం పోయినంత మాత్రాన పోలీస్ స్టేషన్ మూతపడదు. అందుకే రాజ్యం వేరే దారి ఎంచుకుంటుంది.

ఆ దారి ఎలాంటిదో ఈ నగరం 1978లో చూసింది. అప్పటికి నేనింకా పుట్టలేదు. ఆ ఏడాది మార్చిలో ఒక రాత్రి సినిమా చూసి తిరిగి వస్తున్న రమీజాబీని మూసీకి అవతల నల్లకుంట పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోయారు. అక్కడ ఆమె మీద పోలీసులు అత్యాచారం చేశారు. ఇదేమిటని అడిగిన ఆమె భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్‌ను కొట్టి చంపారు. జనం శవంతో స్టేషన్ ముందుకు వచ్చారు. నగరం భగ్గుమంది. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్‌ను వేసింది.

కమిషన్ ముందు పోలీసుల వాదన ఏమిటి? ఆ రాత్రి స్టేషన్‌లో ఏం జరిగిందన్న ప్రశ్నను పక్కకు నెట్టి, రమీజాబీ ఎలాంటి మనిషన్న ప్రశ్నను ముందుకు తెచ్చారు. ఆమె వేశ్య అన్నారు. అహ్మద్ హుస్సేన్‌తో ఆమె నిఖా చెల్లదన్నారు. అంటే భర్తను పోగొట్టుకున్న స్త్రీ, ముందు తాను భార్యనని రుజువు చేసుకోవలసి వచ్చింది! అయినా కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరు సెషన్స్ కోర్టుకు బదిలీ అయింది. 1981లో నిందితులంతా విడుదలయ్యారు.

నిశితంగా చూస్తే ఇందులో మూడు మెట్లు కనిపిస్తాయి. మొదటిది, ముందుగా మాట్లాడడం. పత్రికకు మొదట చేరిన కథే నిలబడుతుంది. రెండోది, సంఘటన నుంచి మనిషి మీదికి చూపు మళ్ళించడం. మూడోది, విసుగు పుట్టేదాకా సాగదీయడం. ఈ మూడింటికీ డబ్బు, హోదా, తీరిక కావాలి. రోజుకూలీ మీద బతికే స్త్రీకి అవేవీ ఉండవు.

ఒక్క స్త్రీనే కాదు, ఒక్కోసారి ఒక బస్తీ మొత్తాన్నే ఇలా బోనులో నిలబెడతారు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పాతబస్తీ కుర్రవాళ్ళను పట్టుకుపోయి హింసించారు. కోర్టులు వాళ్ళను నిర్దోషులన్నాయి. 2012లో ప్రభుత్వం నష్టపరిహారంతో పాటు మంచి నడవడిక ఉన్నట్టు పత్రాలు కూడా ఇచ్చింది. మరుసటి ఏడాది హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. మచ్చ వేసిన చేతులే మచ్చ లేదని పత్రం రాసిస్తే, ఆ పత్రం ఆ తల్లులకు ఏ మేరకు ఊరట?

ఇక మన తప్పు గురించి చెప్పాలి, నాతోనే మొదలుపెడతాను. కొన్నేళ్ళ క్రితం ఇలాంటి ఒక ఘటనలో పత్రికలకు ప్రకటన రాసే పని నాకు అప్పగించారు. "గౌరవప్రదమైన కుటుంబానికి చెందిన గృహిణి" అని మొదలుపెట్టాను. చదివి వినిపిస్తే ఆమె పక్కనే కూర్చున్న గాజుల పని చేసే పెద్దావిడ, "ఆపా, ఇంట్లో కూర్చునే ఆడది కాకపోతే కొట్టొచ్చా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. "ఆమె మంచిది" అన్న క్షణమే అవతలివాళ్ళు గీసిన గీతలో నిలబడ్డానని అప్పుడు అర్థమైంది. నిజంగా ఒళ్ళమ్ముకుని బతికే స్త్రీ రేపు వస్తే, మన ప్రకటనే ఆమెకు వ్యతిరేక సాక్ష్యం అవుతుంది.

చట్టం కూడా చాలాకాలం ఆ గీతలోనే నిలబడింది. మథుర, రమీజాబీ కేసుల తర్వాత సాగిన ఉద్యమాల వల్ల 1983లో అత్యాచార చట్టం మారింది. అయినా ఫిర్యాదు చేసిన స్త్రీ నడవడికను ఎత్తిచూపి ఆమె సాక్ష్యాన్ని తేలిక చేసే సాక్ష్య చట్టం సెక్షన్ 155(4) రద్దు కావడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. సెక్షన్ పోయింది గానీ ప్రశ్న పోలేదు. ఇప్పుడది ఫోనుల్లో ఫోటోలుగా తిరుగుతోంది.

కాబట్టి మొదటి రోజే మనం చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే, ఉర్దూలో చెబితే ఉర్దూలోనే రాసుకోండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా పొందే హక్కుంది, అడిగి తీసుకోండి. పత్రికలతో ఒక్కరే మాట్లాడండి, అదీ ఆమె ఒప్పుకున్నంత మేరకే. రమీజాబీ పేరు ఒక ఉద్యమం పేరుగా చరిత్రలోకి వెళ్ళింది. ఈనాటి స్త్రీ పేరును గానీ, గల్లీ పేరును గానీ అలా బయటపెట్టే హక్కు మనకు లేదు, చట్టమూ ఒప్పుకోదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆమె ఎలాంటిదని అడిగితే జవాబు చెప్పకండి. మంచిదని కూడా చెప్పకండి. "ఆమె ఎవరైనా కానివ్వండి, ఆ రాత్రి స్టేషన్‌లో ఏం జరిగింది?" అని తిరిగి అడగండి. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.