పొరుగింటి గడపలో రసీదు పుస్తకం

ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినవారు ‘గ్రామాభివృద్ధిలో స్వచ్ఛంద సేవ’ అనే అంశం ఇచ్చారు. ఆ మాట వినగానే పలుగూ పారా పట్టిన పదిమంది, వాళ్లకెదురుగా ఫొటోగ్రాఫరూ కళ్లముందు మెదులుతారు. 1997లో ప్రభుత్వ జన్మభూమి కార్యక్రమం మొదలైనప్పటి నుంచి ఆ దృశ్యం మనకు బాగా అలవాటైంది. శ్రమదానాన్ని చులకన చేయను. కానీ ముళ్లకంప కొట్టడం ఒక పూట పని. మర్నాటి నుంచి ఊరిని ఎవరు పట్టించుకుంటారన్నది నా ప్రశ్న. అందుకు గంగదేవిపల్లి ముచ్చట ఎత్తుకుంటాను.

వరంగల్లుకు దగ్గర్లో, గీసుగొండ మండలంలోని చిన్న పల్లె అది. ఒకప్పుడు మచ్చాపూర్ పంచాయతీకి శివారు. శివారంటే ఏమిటో మీలో చాలామందికి ఎరుకే: బోరు వేసినా, లైటు పెట్టినా ముందు పెద్దూళ్లోనే. 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చాక, 1994లో విడి పంచాయతీ అయింది. కొంతకాలం పాలకవర్గంలో అందరూ ఆడవాళ్లే. మరో దశలో సర్పంచ్‌గా కూసం రాజమౌళి పేరు రాష్ట్రం దాటి వినిపించింది. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. అవార్డుల జాబితా ఇంతకు మించి చదవను.

నాకు ఆసక్తి కమిటీల మీద. నీళ్లకొకటి, వీధి దీపాలకొకటి, చదువుకొకటి, ఆఖరికి కేబుల్ టీవీకీ ఒకటి. నీటి పనిలో బాలవికాస సంస్థ తోడు నిలిచింది, అయితే ఊరు తన వాటా డబ్బు పెట్టుకోవాలంది. ఆ షరతులోనే కిటుకంతా ఉంది. వాటా అంటే ఎవరో ఒకరు రసీదు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరగాలి. బావమరిదిని అడగాలి, పాలివాణ్ని అడగాలి. “మా ఇల్లు గడ్డ మీదుంది, నల్లాలో చుక్క రాదు, నేనెందుకియ్యాలె?” అని ఏ ఊళ్లోనైనా ఒకడుంటాడు. వాడి మాట అబద్ధం కాదు. పల్లంలోని ఇళ్లు బిందెలు నింపుకునేసరికి గడ్డ మీది పైపులో గాలే మిగులుతుంది. ఇక గేటువాల్వు ఎక్కడ బిగించాలి, ఏ వాడకు ఏ గంటకు వదలాలి అన్న చర్చ మొదలవుతుంది. గ్రామ ప్రణాళిక పుట్టేది అక్కడే. పైసలు అడిగినందుకే ఆ ఫిర్యాదు బయటికొచ్చింది. నీళ్లు ఊరికే ఇచ్చి ఉంటే వాడు గొణుక్కుని ఊరుకునేవాడు.

దీని పక్కన ఇంకో పద్ధతి పెట్టి చూడండి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 50 ఇళ్లకొక వాలంటీరును పెట్టారు. నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. పింఛను గడపకే వచ్చింది. ముసలివాళ్లకు అది చిన్న మేలు కాదు. అయినా ఆ వాలంటీరు ప్రభుత్వం తరఫున ఇచ్చేవాడు. కమిటీ సభ్యుడు ఊరి తరఫున అడిగేవాడు. అడిగినవాడు లెక్క చెప్పాలి, చెప్పకపోతే వచ్చే నెల పైసా రాలదు.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రతి గ్రామ పంచాయతీకీ స్థాయీ సంఘాలు ఉండాలంది. చాలా ఊళ్లలో అవి రిజిస్టరులోనే కొలువున్నాయి. చట్టం సంఘాన్ని పుట్టించగలదు, పొరుగువాడితో మాట పడటానికి సిద్ధపడే మనిషిని పుట్టించలేదు. పైగా గంగదేవిపల్లి చిన్న ఊరు, అందరి ముఖాలూ అందరికీ తెలుసు. పది వాడలు, నాలుగు పార్టీలున్న పెద్ద ఊళ్లో ఇదంతా అచ్చంగా దింపుతామంటే నేను నమ్మను. అక్కడ వాడకొక కమిటీతో మొదలుపెట్టడం మేలు.

ఇంకో చిక్కుంది. తీరిక ఉన్నవాడే సేవ చేస్తాడు. పొద్దున పదకొండింటికి గ్రామసభ పెడితే నాట్లకు పోయిన ఆడవాళ్లు ఎట్లా వస్తారు? వచ్చేది పొలం కౌలుకిచ్చి అరుగు మీద కూర్చున్నవాళ్లే. తీర్మానమూ వాళ్లదే అవుతుంది. ఈ సభలో సర్పంచులున్నారు కనుక అడుగుతున్నాను: మీటింగు రాత్రి తిండ్లయ్యాక పెట్టండి, అదీ ఒకసారి దళితవాడలో, ఒకసారి గుడి దగ్గర. రసీదు పుస్తకం ఒక ఏడాది కూలికి పోయే ఆమె చేతిలో పెట్టి, లెక్క మైకులో ఆమెతోనే చదివించండి.