చిత్త, స్వాతి, విశాఖ: మన తుఫాను కార్తెలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, ఏదైనా పనికొచ్చే విషయం మీద పది నిమిషాలు మాట్లాడు" అన్నారు. 'పనికొచ్చే' అన్న మాటను ఆయన కాస్త ఒత్తి పలికారు. అందుకని బడి జ్ఞాపకాలు తగ్గించి, ఏటా మన ఇళ్ల మీదికీ చేల మీదికీ వచ్చే వానల గురించి మాట్లాడతాను.

పుస్తకాల్లో శరత్కాలం అంటే తేటపడిన ఆకాశం, పండు వెన్నెల. మన కోనసీమలో పుట్టినవాళ్లకు మాత్రం ఆశ్వయుజం, కార్తీకం అంటే రేడియో దగ్గర చెవి పెట్టుకుని కూర్చున్న నాన్న. సార్వా వరి ఈనే కాలం, పాలుపోసుకునే కాలం, ఆ తరవాత కోతల కాలం. పెట్టుబడంతా చేలో ఉంటుంది, గింజ ఇంటికి రాదు. సరిగ్గా అప్పుడే 'బంగాళాఖాతంలో అల్పపీడనం' అన్న వార్త వస్తుంది. అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు మూడో వారం దాకా నడిచే చిత్త, స్వాతి, విశాఖ కార్తెలను మా తాతయ్య 'గండం కార్తెలు' అనేవాడు.

ఈ నెలల్లోనే ఎందుకు? దీనికి మూడు కారణాలు చెప్పుకోవచ్చు. మొదటిది సముద్రం వేడి. తుఫాను బలపడాలంటే సముద్రం పైనీరు సుమారు 26.5 డిగ్రీలకు మించి ఉండాలి. బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరులో కూడా అది 28 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. రెండోది మన నదులే. గోదావరి, కృష్ణ, మహానది, గంగా బ్రహ్మపుత్రలు వానాకాలమంతా మోసుకొచ్చిన మంచినీరు ఉప్పునీటి మీద తేలికగా పరుచుకుని, అడుగునున్న చల్లని నీటిని పైకి కలవనివ్వదు. మూడోది గాలి. జూలై, ఆగస్టుల్లో కింద పడమటి గాలి, బాగా ఎత్తున తూర్పు గాలి జోరుగా వీస్తాయి. సుడి లేచినా దాని తల ఒకవైపు, మొండెం ఒకవైపు కొట్టుకుపోతాయి. నైరుతి రుతుపవనాలు వెనక్కి మళ్లే వేళకు ఆ లాగుడు తగ్గుతుంది. సుడి నిలదొక్కుకుంటుంది.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. చనిపోయినవాళ్లు పది వేలకు అటూ ఇటూ అని లెక్క. మన ఊళ్లో గాలి తప్ప పెద్ద నష్టం లేదు గానీ, పెద్దవాళ్లు కొన్నాళ్లపాటు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం గుర్తుంది. 1996 నవంబరు 6 మాత్రం మనదే. దీపావళికి నాలుగు రోజుల ముందు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి వేరే జిల్లాలో ఉన్నాను. రోడ్లు తెరిచాక వచ్చి చూస్తే మా తోటలో నిలబడ్డ కొబ్బరి చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. పడిన చెట్టు మీద కూర్చుని నాన్న, "మళ్లీ మొక్క వేస్తే కాపుకి ఆరేడేళ్లురా. నాకు ఓపిక ఉంటుందా?" అన్నాడు. ఆ రాత్రి మన చుట్టుపక్కల వీధులవాళ్లంతా తలదాచుకున్నది ఈ బడిలోనే. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి అది నాకంటే బాగా తెలుసు.

ఆనాటికీ ఈనాటికీ మంచి మార్పు ఒకటి ఉంది. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచిన పెను తుఫానులో సుమారు పది వేల మంది పోయారు. అదే తీరానికి 2013 అక్టోబరు 12న ఫైలిన్ వస్తే, లక్షల మందిని ముందే తరలించడంతో ప్రాణనష్టం పదుల్లో ఆగింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడింది. గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలి, నగరమంతా చెట్లు కూలాయి. అంత పెద్ద నగరంలో ప్రాణనష్టం పెరగకుండా కాపాడింది ముందస్తు హెచ్చరికే. ఉపగ్రహం, రాడారు, తుఫాను షెల్టరు, మైకు పట్టుకుని వీధి వీధి తిరిగిన ఉద్యోగి, అందరూ కలిసి సాధించిన విజయం అది.

అందుకే ఇప్పుడు నా భయం గాలి కన్నా వాన మీద. గాలికి పేరుంటుంది, ముందుగా కబురుంటుంది. వానకు అంత గౌరవం దొరకదు. 2020 అక్టోబరు 13 ఉదయం మన కాకినాడ దగ్గరే ఒక వాయుగుండం తీరం దాటింది. తుఫాను కూడా కాదు, పేరు కూడా లేదు. ఇక్కడ అంతా ఊపిరి పీల్చుకున్నారు. అదే రోజు అది తెలంగాణ మీదుగా పోతూ హైదరాబాదు బేగంపేటలో ఒక్క రోజులో సుమారు 19 సెంటీమీటర్ల వాన కురిపించింది. కాలనీలకు కాలనీలు మునిగాయి, పదుల మంది పోయారు. మరుసటి ఏడాది, 2021 నవంబరు 19న, ఎప్పుడూ నీటికి అల్లాడే రాయలసీమలో, చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. వదలగలిగిన దానికన్నా ఎక్కువ నీరు పైనుంచి వచ్చి పడింది. ఆ తేదీ చూడండి: దివిసీమ ఉప్పెన వచ్చిన రోజే.

19 సెంటీమీటర్లంటే ఎంత? పది సెంటీమీటర్ల వాన ఒక్క ఎకరం మీద పడితే నాలుగు లక్షల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనభై. ఇది పది సెంటీమీటర్ల లెక్కే. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగలిగే నీటి ఆవిరి సుమారు ఏడు శాతం పెరుగుతుంది. ఏడాది మొత్తం వాన పెద్దగా మారకపోయినా, వారం రోజులు కురవాల్సింది ఒక పూటలో కురిసే అవకాశం పెరుగుతోంది. మన కాలువలు, తూములు మాత్రం వెనకటి వానల లెక్కతో కట్టినవి.

ఇంజనీర్లు 'వందేళ్ల వరద' అంటారు. వందేళ్లకు ఒక్కసారే వస్తుందని దానర్థం కాదు. ఏ ఏడాదికి ఆ ఏడాది నూటికి ఒక వంతు అవకాశం ఉందని అర్థం. మన సంఘం వయసు యాభై ఏళ్లు. యాభై ఏళ్లలో అలాంటిది కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం నూటికి దాదాపు నలభై. పాతికేళ్ల వానకు కట్టిన తూముకైతే, దాని శక్తికి మించిన వాన యాభై ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి ఎనభై ఏడు. వానలు మారకుండా ఉంటేనే ఈ లెక్క.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట ఒక పట్టణం శివార్లలో మురుగు కాలువ మీద ఒక తూముకు నేనే డిజైను చేశాను. పుస్తకం ప్రకారం తప్పులేదు. చుట్టూ వరిచేలు కనుక, గట్ల మధ్య నీరు ఆగి నెమ్మదిగా కాలువలోకి దిగుతుందని లెక్క కట్టాను. పదేళ్లలో ఆ చేలన్నీ ఇళ్ల స్థలాలయ్యాయి. ఆగే నీరు సిమెంటు మీద పరుగెత్తింది. ఒక నవంబరు రాత్రి ఆ కాలనీలో నడుములోతు నీరు. మర్నాడు చూడడానికి వెళ్లాను. ఒకావిడ కొడుకు సర్టిఫికెట్లు గోడ మీద ఆరబెట్టుకుంటూ, "ఈ తూము కట్టించిన ఇంజనీరు ఎవరు బాబూ?" అని నన్నే అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఆవిడకు చెప్పాల్సిన మాట ఇవాళ మీకు చెబుతున్నాను: నేనేనమ్మా. చేను చేనుగానే ఉంటుందనుకోవడం నా తప్పు.

అలాంటి తప్పు మన బడి వెనకాల కూడా ఉంది. మేము 1984లో పదో తరగతి చదివేటప్పుడు వెనకున్న మురుగు కాలువను ఎవరూ దూకలేకపోయేవాళ్లు. ప్రయత్నించినవాళ్లంతా తడిసి ఇంటికి వెళ్లారు, వాళ్లలో ఇద్దరు ముందు వరసలోనే ఉన్నారు. మొన్న చూస్తే ఆరో తరగతి పిల్లవాడు అవలీలగా దూకేస్తున్నాడు. కాలువంతా గుర్రపు డెక్క. దిగువన గట్లు జరిగాయి. మన సంఘం కట్టిన సైకిల్ షెడ్డు పునాది సగం ఆ కాలువ గట్టు మీదే ఉంది. దానికి చందా ఇచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి. 1996లో ఊరికి ఆశ్రయమిచ్చిన బడి ఇది. రేపు పాతిక సెంటీమీటర్ల వాన కురిస్తే జనం మునిగిన బడికి ఎలా వస్తారు?

స్వర్ణోత్సవ గుర్తుగా స్వాగత ద్వారం కట్టాలని కమిటీ అనుకుంటోంది. నేను దానికి అడ్డు కాదు. దానికన్నా ముందు మూడు పనులు చేద్దామని కోరుతున్నాను. ఒకటి, షెడ్డు అక్కణ్ణుంచి తీసి మరోచోట కట్టి, బడి మేరకైనా కాలువను పాత వెడల్పుకు తెద్దాం. దిగువ సంగతి అధికారులకు కొలతలతో సహా అర్జీ పెడదాం. ముందు మనం జరిగితేనే ఇంకొకరిని జరగమనడానికి నోరొస్తుంది. సర్వే, అంచనా నేను, మా బ్యాచ్ ఇంజనీర్లు ఉచితంగా చేస్తాం. రెండు, ఎలక్ట్రికల్ పనులు తెలిసినవాళ్లు మనలో ఉన్నారు. జనరేటరు, స్విచ్ బోర్డులు వరద మట్టానికి పైకి మార్పిద్దాం. మూడు, బడిలో ఒక వర్షమాపకం పెడదాం.

ఈ మూడోది నా ఆలోచన కాదు. మా సైన్సు మాస్టారు గరాటు, గాజుపాత్ర, స్కేలుతో ఒకటి తయారుచేసి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వంతులవారీగా మాచేత కొలిపించేవారు. వాన లేని రోజున కూడా సున్నా వెయ్యమనేవారు. "సున్నా కూడా కొలతేరా, ఖాళీ వదిలెయ్యకు" అనేవారు. ఆ నోటుపుస్తకం కొనసాగి ఉంటే ఈపాటికి నలభై ఏళ్ల పైబడిన మన ఊరి వాన లెక్క మన చేతిలో ఉండేది. ఎక్కడో దూరాన కొలిచిన అంకెతో ఇక్కడ తూము కట్టే అవసరం తగ్గేది.

మాస్టారు ఇప్పుడు లేరు. కొత్త నోటుపుస్తకం ఒకటి తెచ్చాను. ప్రధానోపాధ్యాయుల వారికి ఇస్తున్నాను. రేపు ఉదయం ఎనిమిదిన్నరకు మొదటి అంకె మన పిల్లలు రాస్తే చాలు, సున్నా అయినా సరే.