ఊరు, వాడ, నవల
(ఆండిపట్టి తెలుగువారి సభలో చదివిన ప్రసంగ పాఠము)



నవలలో కథ జరుగు చోటు వట్టి తెరపటము కాదు. సంఘమును గూర్చి గ్రంథకర్త చెప్పదలచిన మాటను పెక్కుసారులు ఆ చోటే పలుకును. దీనికి రెండు నవలలను దృష్టాంతముగా గైకొని మాకు తోచినది మనవి చేయుచున్నాము.

మొదటిది ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’. గుంటూరు బారిష్టరైన పంతులుగారు జాతీయోద్యమమున శిక్షపడి, వేలూరు చెరసాలలో దీనిని రచించిరి. 1922లో వెలువడిన ఈ గ్రంథమును మదరాసు ప్రభుత్వము నిషేధించినది. దీనికి ‘సంగవిజయము’ అను నామాంతరము కలదు. కథానాయకుడైన సంగదాసు పేరును వెనుకకు జరిపి, అతడు పుట్టిన వాడ పేరునే పంతులుగారు ముందుంచిరి. ‘రాజశేఖర చరిత్రము’ మొదలుకొని మన నవలలు పెక్కింటికి పైకులముల లోగిళ్లే రంగస్థలములు. ఊరి వెలుపలి పల్లెకు గ్రంథము ముఖపత్రముపై చోటిచ్చుటయే ఒక విమర్శ.

ఊరికిని పల్లెకును నడిమి దూరము కొలిచిన కొన్ని బారలే. దానిని దాటుటకు తరములు చాలలేదు. సంగదాసు చౌదరయ్య ఇంట పాలేరు. చౌదరయ్య కుమారుడు రామానాయుడు అతనికి ప్రాణమిత్రుడు. ఆ చెలిమి నడిమి గీతను చెరుపజూచినది. కాని కూలివారి పక్షము వహించిన సంగదాసు ఆ యజమాని చేతి దెబ్బకే నేలకొరిగెను. అతని సోదరుడు వెంకటదాసు ధనికుల సొమ్ము దోచి పేదలకు పంచి, తుదకు చెరపాలయ్యెను. పల్లె, పొలము, చెరసాల అను ఈ మూడును ఒకే దొడ్డికి మూడు గోడలు. గ్రంథమున ఉపన్యాసములు లేకపోలేదు. వానికంటె ఈ గోడలే గట్టిగా పలుకుచున్నవి. నేరము ఎవరిది, శిక్ష ఎవరిది అని పాఠకుడు తనంతట తానే అడుగుకొనును.

రెండవది మనకు మరింత దగ్గరిది. కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసెవల్ వాస్తవ్యులు కి. రాజనారాయణన్‌గారి ఇంటిభాష తెలుగు, రచనాభాష తమిళము. వారి ‘గోపల్ల గ్రామము’ 1976లో వచ్చినది. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమానము లభించినది. 2021లో వారు దివంగతులైరి. ప్రభువుల బెడదకు భయపడి ఉత్తరమునుండి తరలివచ్చిన తెలుగు కుటుంబములు అడవిని తగులబెట్టి, నల్లరేగడి నేలను సాగుచేసి, ఊరు కట్టుకొనుట ఇందలి కథ. అడవి మన పూర్వుల కష్టమునకు గుర్తు. కాలిన అడవియో, ఆశ్రయము కోరివచ్చినవారే నేలకు యజమానులైన తీరునకు గుర్తని మేము తలచుచున్నాము.

వలస కథను మనము గర్వముతో చెప్పుకొందుము; చెప్పుకొనదగినదే. అయితే ఈ రెండు నవలలను ప్రక్కప్రక్కన పెట్టి చదివిన ఒక ప్రశ్న తప్పదు. ఆ నల్లరేగడిపై మనము కట్టుకొన్న ఊళ్లకు వెలుపల ఎవరిని నిలిపితిమి? తమిళనాట ఇంట తెలుగు మాటలాడువారిలో అరుంధతీయులు పెక్కుమంది కలరు. వారి వెనుకబాటును గుర్తించి రాష్ట్ర ప్రభుత్వము 2009లో షెడ్యూల్డు కులముల 18 శాతములో 3 శాతము వారికి ప్రత్యేకించినది. ప్రభుత్వము గుర్తించిన ఈ సోదరులను మన తెలుగు సంఘములు ఎంతవరకు గుర్తించినవి?

2006 నాటి తమిళ బోధన చట్టము పిదప, బడిలో మన భాషకు చోటు తరిగినదని విన్నపములు వ్రాయుచున్నాము. అది న్యాయమైన మొరయే. కాని భాష పేర అంచుకు నెట్టబడితిమని వాపోవు మనము, కులము పేర మన అంచున నిలిపినవారిని మరచి ఎవరి ఎదుట న్యాయమడుగగలము? లెక్కకు మాత్రము వారిని తెలుగువారిలో చేర్చి, సభకు పిలువకుండుట ధర్మము కాదు.

కావున మా విన్నపము ఇది. సంఘ సభ్యత్వమునకు వారి ఇంటింటికి పోయి ఆహ్వానింతము. పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పు తరగతిని వారి వాడలోనే తెరతము. ‘మాలపల్లి’ పఠనమును కూడ సత్రములో గాక అక్కడనే జరుపుదము. కొన్ని బారల ఆ దూరమును ఈ మారు మనము నడచిపోవలెను.