కొల్లేటికోట ట్రిప్ ప్లాన్: ముందు పడవ, తర్వాతే బిర్యానీ

మొన్న తాడేపల్లిగూడెం నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, క్లాసంతా కలిపి నలభై మందిమి. కొల్లేరులో కొల్లేటికోట లంకకి వెళ్ళి సాయంత్రానికి వచ్చేయాలి. ప్లాన్ చెప్పవా" అని. ఈ ప్లాన్ నేనూ ఒకసారి వేశాను, అందుకే ఈ ఎపిసోడ్.

2017 జనవరి, నాది బీటెక్ థర్డ్ ఇయర్. ఎక్సెల్ షీట్ నాదే. తలకి ఎంత, బిర్యానీ ప్యాకెట్లు ఎన్ని, స్పీకర్ ఎవరు తేవాలి, అన్నిటికీ కాలమ్స్ ఉన్నాయి. పడవకి మాత్రం లేదు. తీరా సర్కారు కాలువ దగ్గర పంటు ఎక్కబోతే, నడిపే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒకే ట్రిప్పులో వెళ్ళిపోతాం బాబాయ్" అన్నాను.

"సెల్ఫీకని అందరూ ఒక పక్కకే వస్తారు బాబూ. సగం మంది ఆగండి" అన్నాడు.

గంట పోయిందని ఆయన్ని తిట్టుకున్నాం కూడా. అదే ఏడాది నవంబర్ 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ బోల్తాపడింది. ఇరవై మందికి పైగా పోయారు. ఆ పడవకి అసలు అనుమతే లేదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో, పాపికొండలకి వెళ్తున్న బోటు. వీళ్ళంతా మనలాగే సరదాగా తిరగడానికి వెళ్ళినవాళ్ళే.

సో తమ్ముడూ, మొదటి ఫోన్ బిర్యానీ వాడికి కాదు. పడవ నడుస్తోందా, ఒకసారికి ఎంతమంది, లైఫ్ జాకెట్లు ఎన్ని, ఆఖరి పడవ ఎప్పుడు, ఇవి అడుగు. జాకెట్లు పదిహేనే ఉంటే ట్రిప్పుకి పదిహేను మందే. మిగతా టైమ్ అంతా ఆఖరి పడవ నుంచి వెనక్కి లెక్కేసుకో. చలికాలంలో ఐదున్నర దాటితే చీకటి పడిపోతుంది.

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్తే పక్షులు బాగా ఉంటాయి. ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతర. అమ్మవారి కోసమైతే అప్పుడే వెళ్ళండి, ఫొటోల కోసమైతే వద్దు, జనం మామూలుగా ఉండరు. తుఫాను తర్వాత మాత్రం ఎండ చూసి మోసపోవద్దు. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళన్నీ కొల్లేరులోకే వస్తాయి, సముద్రంలోకి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో వాన ఆగాక కూడా ఇక్కడి లంకల్లోకి నీళ్ళు వస్తూనే ఉన్నాయి.

పడవ డౌటుగా అనిపిస్తే కైకలూరు వైపు నుంచి రోడ్డు ఉంది, ఆటోలో వెళ్ళిపోవచ్చు. బోటు సరదా తీరాలంటే కైకలూరు పక్కనే ఆటపాక పక్షి కేంద్రం ఉంది. గూడబాతుల కోసం అక్కడ ఇనుప స్టాండ్లు పెట్టారు, గూళ్ళు వాటి మీదే. స్పీకర్ ఇంట్లో వదిలెయ్యండి, అది 1999 నుంచి అభయారణ్యం.

పేర్ల లిస్టు ఇద్దరి ఫోన్లలో పెట్టండి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తలలు లెక్కపెట్టండి. ఈత ఎవరికి రాదో ముందే కనుక్కోండి. గ్రూప్‌లో కాదు, ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి. అందరి ముందు అడిగితే ఎవడూ చెప్పడు. ఆ రోజు నేనూ చెప్పలేదు.